ఖరారు దెబ్బ

విల్మా బడి వంటశాలలో పెద్ద వంటమనిషి. ఇరవై రెండేళ్లుగా మూడు వందల మంది పిల్లలకు మధ్యాహ్నం వండి పెడుతోంది. ఊరి చివర పాత రాతిగనిలో ఉన్న మా షూటింగ్ క్లబ్బులో ఆమె సభ్యత్వానికీ దాదాపు అంతే వయసు. ఈ రెండింటికీ పొత్తేమిటని ఎవరైనా అడిగితే, "రెండు చోట్లా చెయ్యి వణకకూడదు, నోరు ఊరుకోకూడదు" అనేది. ఆ నోరు ఊరుకోకే వ్యాసం రాసింది. రాయకుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఫిబ్రవరిలో ఆమె కొత్త రైఫిల్ కొంది. పేరు కలోస్. చిన్న తూటాలది, గురి ఆటకు పనికొచ్చేది, పది వేల క్రౌన్లకు లోపే వచ్చేది. అప్పటిదాకా క్లబ్బులో సగం మంది దగ్గర ఉన్నవి పాత ఒంటి తూటా రైఫిళ్లు. బోల్ట్ అనే ఇనప గడియ తెరవాలి, ఒక తూటా పెట్టాలి, మూయాలి, పేల్చాలి, మళ్లీ తెరవాలి. కలోస్ అలా కాదు. పది తూటాలు పట్టే మ్యాగజైన్ డబ్బా తగిలిస్తే చాలు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలుతుంది, తర్వాతి దాన్ని అదే లోపలికి లాక్కుంటుంది. ఇది మహా సోకు అని ముసలివాళ్లు మూతులు తిప్పారు. విల్మాకు ఒళ్లు మండింది. మూడు నెలలు వాడి చూసి, క్లబ్బు పత్రికకు నాలుగు పేజీల వ్యాసం రాసి పారేసింది.

"మూడు నెలల కాపురం తర్వాత చెబుతున్నాను" అని మొదలుపెట్టింది. "బరువు తక్కువ, నా భుజం దీవించింది. పిడి మంచి చెక్కే గానీ నునుపు చేయడంలో పిసినారితనం చూపించారు, గరుకు కాగితం తెచ్చి మీరే రుద్దుకోండి. ట్రిగ్గర్ మొదట్లో మొండి ఘటం. రెండు వందల తూటాలయ్యాక మాట వింటుంది. మరీ చవక తూటాలు పెడితే అలిగి అడ్డం పడుతుంది. మంచివి పెడితే యాభై మీటర్ల దూరంలో పదికి పదీ జామ్ సీసా మూతలో పడతాయి. ఈ ధరకు ఇంతకంటే అడిగేవాడు ఆశపోతు."

ఊళ్లో ఆ వ్యాసం బాగా పేలింది. క్లబ్బు అధ్యక్షుడు రాదిమ్ దాన్ని గోడ బోర్డు మీద కూడా అంటించాడు. రాదిమ్ పోస్టాఫీసులో పనిచేస్తాడు, ఎవరినీ నొప్పించని మనిషి. "విల్మా, వంటలో ఉప్పెక్కువైనా మాటలో ఉప్పు సరిగ్గా సరిపోయింది" అన్నాడు. "నా వంటలో ఉప్పెక్కువని ఏ వెధవ అన్నాడు?" అని ఆమె గరిటె ఎత్తింది. మే నెల వచ్చేసరికి ఆ వ్యాసం చదివి ఎనిమిది మంది కలోస్ కొన్నారు. ఎనిమిదోవాడు వెందెలీన్.

వెందెలీన్‌కు డెబ్బై నాలుగేళ్లు. తాళాలు బాగుచేసి బతికాడు. నలభై ఏళ్లుగా ఒకే ఒంటి తూటా రైఫిల్‌తో కాల్చాడు. కళ్లు మసకబారి, ప్రతిసారీ బోల్ట్ లాగి తూటా పెట్టడం వేళ్ల నొప్పులకు కష్టమై, కిందటి ఏడాది మానేస్తానన్నాడు. విల్మాయే పట్టుబట్టింది. "బాబాయ్, మానేస్తే మంచమెక్కుతావు. నా మాట విని కలోస్ కొను. నేను రాసిందంతా చదువు" అంది. చదివాడు. కొన్నాడు. వ్యాసాన్ని పత్రికలోంచి కత్తిరించి రైఫిల్ సంచి జేబులో పెట్టుకున్నాడు కూడా.

ఆ ఆదివారం వసంతపు పోటీ. బహుమతి పొగబెట్టిన పంది తొడ. పదకొండున్నరకు చివరి వంతు నడుస్తోంది. ఆ వంతుకు ఆజ్ఞలిచ్చే బాధ్యత విల్మాది. రేకుల కప్పు కింద ఆరుగురు బోర్లా పడుకుని కాలుస్తున్నారు, చివరివాడు వెందెలీన్. ఆకాశం నల్లబడుతోందని అందరికీ తెలుసు. ఇంకో ఐదు నిమిషాలు ఆగుతుందిలే అనుకున్నారు. అది ఆగలేదు.

వడగళ్లు పడ్డాయి. మామూలుగా కాదు, రేకుల మీద ఎవరో బస్తాల కొద్దీ గులకరాళ్లు కుమ్మరించినట్టు పడ్డాయి. "ఆపండి! ఖాళీ చేయండి!" అని విల్మా అరిచిన అరుపు ఆమెకే వినపడలేదు. చేతులు ఊపింది. అందరూ ఆగారు. ఇక మామూలుగా జరగవలసింది ఇది: ఆజ్ఞలిచ్చేవాళ్లు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మ్యాగజైన్ తీసేశారా, గొట్టం మొదట్లో తూటా కూర్చునే గది ఖాళీగా ఉందా అని కళ్లతో చూడాలి. ఆ తర్వాత అందరూ ఎదురుగా ఉన్న మట్టిగట్టు వైపు గురిపెట్టి ట్రిగ్గర్ ఒకసారి నొక్కాలి. క్లిక్‌మంటే ఖాళీ అని ఖరారు. మా దేశంలో గన్ పట్టిన ప్రతివాడికీ తెలిసిన ఆచారమిది, దాన్ని ఖరారు దెబ్బ అంటారు.

ఆ రోజు ఖరారు దెబ్బ జరగలేదు. కారణం రాదిమ్. గురి కాగితాలు తడిసిపోతే మార్కులు లెక్కపెట్టడం ఎలా అని, నెత్తిన ట్రే పెట్టుకుని ముందుకు పరిగెత్తాడు. మనిషి ఎదురుగా ఉండగా ట్రిగ్గర్ నొక్కకూడదు, అది ఇంకా పెద్ద నియమం. "వద్దు, ట్రిగ్గర్ ముట్టుకోకండి! సంచుల్లో పెట్టేయండి!" అని విల్మా ఒక్కొక్కరి చెవిలో అరుస్తూ, తూటా గదులు చూసుకుంటూ వెళ్లింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు గని అంచున ఉన్న చెట్టు మీద పిడుగు పడింది. విల్మా అమ్మో అని చెవులు మూసుకుంది. తర్వాత ఐదో మనిషినీ వెందెలీన్‌నూ భుజం తట్టి, "లోపలికి పదండి, లోపలికి!" అని తోసింది.

క్లబ్బు గదిలో గూలాష్ అనే మాంసం కూర తిన్నారు, వడగళ్లు ఏరుకొచ్చి గ్లాసుల్లో వేసుకున్నారు, పంది తొడ ఎవరికీ ఇవ్వకుండా వచ్చే వారానికి వాయిదా వేశారు. పన్నెండున్నరకల్లా అందరూ వెళ్లిపోయారు. వెందెలీన్ అందరికంటే ముందు వెళ్లాడు. కూతురు సిల్వా రొట్టెల దుకాణంలో మధ్యాహ్నం దాకా పని చేస్తుంది, ఆమె నాలుగేళ్ల కూతురు అపొలేనాను పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చాడు.

విల్మా, రాదిమ్ మిగిలారు. ఒకరు గిన్నెలు కడుగుతూ, ఒకరు తూటాలు సర్దుతూ. పోటీ రోజున తూటాలు క్లబ్బే ఇస్తుంది. మనిషికో చిన్న పళ్లెం, దాని మీద పేరు. మిగిలినవి అందులోనే తిరిగి పెట్టాలి. మధ్యలో ఆగిపోయిన వంతు కాబట్టి ప్రతి పళ్లెంలోనూ కొన్ని మిగిలాయి. విల్మా చేతులు తుడుచుకుని లెక్క చూడసాగింది. బడిలో గుడ్లు లెక్కపెట్టినట్టే, ఊరికే, అలవాటుగా.

వెందెలీన్ పళ్లెంలో రెండున్నాయి. తడిసిన అతని గురి కాగితంలో ఆరు చిల్లులున్నాయి. అతను పడుకున్న చాప పక్కన పేలని తూటా ఒకటి దొరికిందని రాదిమ్ తెచ్చి బల్ల మీద పెట్టి ఉన్నాడు. ఆరూ ఒకటీ రెండూ తొమ్మిది.

"రాదిమ్, బాబాయ్‌కి పదే కదా ఇచ్చావు?"

"పదే. తొమ్మిదిస్తే ఊరుకుంటాడా ఆ తాళాలాయన? మా ఇంటి తాళం మార్చేస్తాడు."

"మరి తొమ్మిదే ఉన్నాయి."

"ఒకటి కాగితం తప్పి ఉంటుంది. డెబ్బై నాలుగేళ్లు విల్మా, మనం ఆ వయసుకి కాగితం ఎటుందో కూడా చూడలేం. ఇలా రా, టీ తాగు."

అదీ నిజమే. టీ కప్పు అందుకుంది. కానీ మనసులో ఒక ముల్లు. వెందెలీన్ కళ్లు మసకబారినా కాగితం మొత్తానికే తప్పేంత కాదు. పైగా పేలని తూటా చాప పక్కకు ఎలా వచ్చింది? బోల్ట్ లాగితే గదిలో ఉన్న తూటా బయటికి ఎగిరి పడుతుంది. సరే, అది ఏడోది. బోల్ట్ వదిలితే... విల్మా టీ కప్పు కింద పెట్టేసింది. మ్యాగజైన్ ఇంకా తగిలించే ఉంటే, బోల్ట్ వదలగానే ఎనిమిదోది గదిలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తే అందులో మిగిలేవి రెండు.

రెండే ఉన్నాయి.

అయినా నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడు మ్యాగజైన్ తీయకుండా బోల్ట్ ఎందుకు లాగుతాడు? ఆ ప్రశ్నతోనే ఆమె కళ్లు గోడ మీద బోర్డు వైపు తిరిగాయి. నాలుగో పేజీ, కింది నుంచి రెండో పేరా. ఆమె సొంత మాటలు.

"పని అయ్యాక బోల్ట్ వెనక్కి లాగండి. గదిలోకి చూడండి. ఖాళీగా ఉంటే బోల్ట్ వదిలేయండి. మ్యాగజైన్ తీసేయండి. ఆపైన ఖరారు దెబ్బ. ఇంటికెళ్లి బీరువాలో పెట్టేముందు కూడా మరోసారి కొట్టడం మరవకండి, స్ప్రింగు వదులై మీ పేరు చెప్పుకుని హాయిగా నిద్రపోతుంది."

తిరగబడిపోయింది వరస. మ్యాగజైన్ ముందు తీయాలి, బోల్ట్ తర్వాత లాగాలి. ఆమె చేతికి ఇరవై ఏళ్లుగా పాత రైఫిల్ అలవాటు. దానికి మ్యాగజైనే లేదు. తెరువు, చూడు, మూయి, అంతే. రాసేటప్పుడు చేతికి అలవాటైనదే ముందు రాసింది, కొత్తగా వచ్చిన మ్యాగజైన్‌ను చివర్న అతికించింది. తను వాడేటప్పుడు ఎప్పుడూ పది తూటాలూ కాల్చేశాకే లేస్తుంది, కాబట్టి మ్యాగజైన్ ఖాళీగానే ఉంటుంది, వరస ఏదైనా ఏమీ కాదు. అందుకే మూడు నెలల్లో ఆమెకు తట్టలేదు. అచ్చువేసే ముందు రాదిమ్ చదివాడు, అతనికీ తట్టలేదు. చదివిన నలభై మందిలో ఒక్కడికీ తట్టలేదు. అందరి చేతులూ పాత రైఫిళ్లకు అలవాటుపడ్డ చేతులే మరి! పప్పులో ముందు ఉప్పేసినా తర్వాతేసినా తినొచ్చు. ఇది పప్పు కాదు.

"రాదిమ్" అంది. "అది బాబాయ్ రైఫిల్లో ఉంది. లెక్కకు రాని ఆ తూటా. లోపలే ఉంది."

రాదిమ్ ఆమె వేలు చూపించిన పేరా చదివాడు. రెండోసారి చదివాడు. అతని ముఖం పిండి చల్లినట్టయింది. "దేవుడా" అన్నాడు. "నేను కూడా చదివాను కదా విల్మా, నేనూ చదివాను..."

"ఫోన్ చెయ్యి. కలోస్ కొన్న మిగతా ఏడుగురికీ చెయ్యి. ఎవడూ ట్రిగ్గర్ ముట్టుకోవద్దని చెప్పు, మ్యాగజైన్ తీసేసి బోల్ట్ రెండుసార్లు లాగమను. నేను బాబాయ్ దగ్గరికి పోతున్నా."

పరిగెడుతూనే వెందెలీన్‌కు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆ మహానుభావుడు ఫోన్‌ను కోటు జేబులో పెట్టి కోటును చిలక్కొయ్యకు తగిలిస్తాడు, అది అక్కడే గుడ్డల్లో గొణుక్కుంటూ ఉంటుంది. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో అతన్ని దాని గురించి.

కారు స్టార్ట్ చేసింది. ఆమెను భయపెడుతున్నది తూటా ఒక్కటే కాదు. ఆ ఇల్లు ఆమెకు తెలుసు. గన్ బీరువా నడవాలో ఉంటుంది. వెందెలీన్ ఎప్పుడూ దాని ముందు నిలబడి, ఎదురుగా ఉన్న పెద్దగది అవతలి కాంక్రీటు గోడ వైపు గురిపెట్టి ఖరారు దెబ్బ కొడతాడు. నలభై ఏళ్లుగా అటే. అయితే కిందటి చలికాలం సిల్వా మొగుణ్ని వదిలేసి పిల్లతో వచ్చింది. పిల్లకొక గది కావాలని ఆ పెద్దగదికి అడ్డంగా పలచటి పలకల గోడ కట్టారు. ఆ గోడకు పసుపు రంగు వేసింది స్వయంగా విల్మాయే, సిల్వాతో కలిసి, పాటలు పాడుకుంటూ. పిల్ల మంచం ఆ గోడకు ఆనించే ఉంటుంది. వేలితో కొడితే బోలుగా మోగే గోడ. గోడ మారింది గానీ ముసలాయన చేతి వాటం మారి ఉంటుందా?

అన్నం తిన్నాక పిల్ల ఒక గంట పడుకుంటుంది. ఇప్పుడు ఒకటింపావు.

రోడ్డంతా వడగళ్లు, రాలిన ఆకులు. చక్రాలు జారుతున్నాయి. నెమ్మదిగా పోతే ఆలస్యం, వేగంగా పోతే చెట్టుకు గుద్దుకుంటుంది. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి ఎర్ర దీపాలు వెలిగాయి. కర్ర దిగింది. విల్మా స్టీరింగ్‌ను రెండు చేతులా గుద్దింది. గూడ్సు బండి. బొగ్గు పెట్టెలు. ఒకటి, రెండు, మూడు... వాటిని లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. లెక్క ఆపితే మరో ఆలోచన వస్తుంది. ఆయన ముందు రైఫిల్ తుడుస్తాడా, ముందు అన్నం తింటాడా? ఎన్నోసార్లు వాళ్లింట్లో తింది, ఎన్నోసార్లు చూసింది, ఒక్కటీ గుర్తు రాలేదు. ముందు తినాలి దేవుడా, ముందు తినాలి, రెండుసార్లు వడ్డించుకోవాలి, తిని కునుకు తీయాలి.

ఫోన్ మోగింది. రాదిమ్.

"ఏడుగురూ ఎత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఐదో చోట పడుకున్నవాడిది కూడా ఖాళీయే, చూశాడు. బాబాయ్ ఒక్కడే ఎత్తట్లేదు. పోలీసులకి చెప్పమంటావా?"

"వాళ్లు వచ్చేలోపు నేను వెళ్లిపోతాను. నువ్వు మోగిస్తూనే ఉండు."

"విల్మా, అక్కడ పిల్ల..."

"తెలుసు నాకు! తెలుసు! పెట్టెయ్!"

ముప్పై ఎనిమిదో పెట్టె దగ్గర రైలు అయిపోయింది. కర్ర పూర్తిగా లేవకముందే దాటేసింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు.

వెందెలీన్ ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. యాభై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులున్న మనిషి, మెట్లు రెండేసి ఎక్కింది. మెట్లన్నీ ఆదివారపు మాంసం పులుసు వాసన. ప్రతి అంతస్తులోనూ ఎవరో పళ్లేల చప్పుడు చేస్తున్నారు, ఎక్కడో రేడియో పాడుతోంది. ఇన్ని చప్పుళ్లలో ఒక చిన్న తూటా చప్పుడు ఎవరికి వినపడుతుంది అనుకుంది. గంట కొట్టింది. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టింది. అరచేత్తో తలుపు బాదింది.

తెరుచుకుంది పక్కింటి తలుపు. పిల్లను చూసుకునే ఆవిడే, పొయ్యి గుడ్డ భుజాన వేసుకుని. "ఏంటండీ విల్మాగారూ, ఆదివారం పూట తలుపులు పగలగొడుతున్నారు? ఇందాకేమో ఆయన ఇంట్లో టప్పుమని ఏదో పేలింది, ఇప్పుడేమో మీరు..."

విల్మాకు ఇంకేమీ వినపడలేదు. పేలింది. పేలనే పేలింది. అపొలేనా జుట్టు గుర్తొచ్చింది, నుదుటి మీద పడే ఆ పిచ్చుక గూడు జుట్టు, శుక్రవారం బడికి వచ్చి కుండెడు పాయసం అడిగింది. "తియ్యి బాబాయ్! తియ్యి!" అని అరిచింది.

తలుపు తెరుచుకుంది. వెందెలీన్ చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. ముఖంలో రంగు లేదు. వేలు పెదవుల మీద పెట్టాడు.

"అరవకమ్మాయ్. పిల్ల నిద్రపోతోంది."

"నిద్ర... బాబాయ్, నిద్రేనా? చూశావా? ఊపిరి తీస్తోందా?"

"నిద్రే." అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమెకు తెలిసిపోయిందని అతనికి తెలిసిపోయింది. నడవాలోకి తీసుకెళ్లాడు. పసుపు గోడలో, నడుము ఎత్తుకు కాస్త కింద, బటాణీ గింజంత చిల్లు. చుట్టూ పలక పొడి. అతను పిల్ల గది తలుపు కొద్దిగా తెరిచాడు. అపొలేనా ఆ గోడ పక్క మంచం మీద, ఒక కాలు దుప్పటి బయట పెట్టి, నోరు తెరిచి నిద్రపోతోంది. ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది. విల్మా ఆ ఛాతీనే చూస్తూ పదిసార్లు లెక్కపెట్టింది.

"తూటా తలగడలోంచి పోయింది" అన్నాడు వెందెలీన్ గుసగుసగా. "అవతల కాంక్రీటులో ఆగింది. అప్పుడు పిల్ల మంచం మీద లేదు. దాహమేసి లేచి, చెప్పులు లేకుండా నా వెనకాలకి వచ్చి నిలబడింది. నేను చూడనే లేదు. తాతా, అదేం చప్పుడు అంది. తలుపు పడింది అన్నాను. నీళ్లు తాగించి మళ్లీ అక్కడే పడుకోబెట్టాను. ఏం చెయ్యను? వేరే చోట పడుకోబెడితే ఎందుకని అడుగుతుంది. తలగడ తిప్పి పెట్టాను."

తలగడ తిప్పి పెట్టాడట! విల్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వంటింట్లోకి వెళ్లి ఇద్దరూ కూలబడ్డారు. బల్ల మీద ఆయన అన్నం పళ్లెం ముట్టకుండా ఉంది. దాని పక్కన పత్రిక కాగితం పరిచి ఉంది, కళ్లద్దాలు దాని మీద ఉన్నాయి.

"రైఫిల్ నువ్వు తీసుకుపో" అన్నాడు. "నా చెయ్యి నమ్మదగ్గది కాదిక. మా ఆవిడ చివరి రోజుల్లో ఇలాగే మొదలైంది, నీకు తెలుసుగా. స్టవ్వు మీద ఖాళీ గిన్నె పెట్టేది, నా పేరు అడిగేది. నాకూ వచ్చిందది. నీ కాగితం ముందు పెట్టుకుని ఇందాకట్నుంచీ చూస్తున్నా. ఇదిగో, బోల్ట్ లాగాను. చూశాను, ఖాళీగానే ఉంది, ఒట్టు. వదిలాను. మ్యాగజైన్ తీశాను. అన్నీ చేసినట్టే గుర్తుంది. మరి ఏది మర్చిపోయానంటావు? నువ్వు చెప్పు. ఏది మర్చిపోయాను?"

విల్మా ఆ కాగితం వైపు చూడలేకపోయింది. ఒక క్షణం, ఒకే ఒక్క క్షణం, నోరు మూసుకుని కూర్చోవచ్చని అనిపించింది. ముసలాయన తన తప్పే అనుకుంటున్నాడు. రైఫిల్ ఇచ్చేస్తానంటున్నాడు. రాదిమ్ బోర్డు మీది కాగితం పీకేసే ఉంటాడు. అలా అనిపించినందుకు ఆమెకు తన మీదే అసహ్యమేసింది.

"నువ్వేమీ మర్చిపోలేదు బాబాయ్" అంది. "నేను రాసినట్టే చేశావు. నేనే తప్పు రాశాను. మ్యాగజైన్ ముందు తీయాలి. వరస తిరగేసి రాశాను. ఇవాళ నీ తూటా గది కూడా నేను చూడలేదు, పిడుక్కి భయపడి చూడకుండా తోసేశాను."

వెందెలీన్ కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వేలితో ఆ పేరా మీద ఒక్కో మాటా పట్టుకుంటూ వెళ్లాడు. పెదవులు కదిలాయి. చాలాసేపటికి తలెత్తాడు.

"అంటే నాకు మతి పోలేదా?"

"లేదు బాబాయ్."

ఆయన ముఖం ముడుచుకుపోయింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి చొక్కా చేతులతో కళ్లు ఒత్తుకుంటూ ఏడ్చాడు, చప్పుడు రాకుండా, పిల్ల లేస్తుందని. విల్మా ఆయన మోకాలు పట్టుకుని తనూ ఏడ్చింది. ఆయన ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆమెకు హాయిగా ఉండేది.

తలుపులో తాళం చెవి తిరిగింది.

వెందెలీన్ చటుక్కున లేచాడు. "సిల్వా వచ్చింది. ఏమీ చెప్పకు. గోడకి మేకు దిగిందని చెబుతాను. తెలిస్తే పిల్లని తీసుకుని వెళ్లిపోతుంది. నీ లైసెన్సూ పోతుంది, నాదీ పోతుంది. ఏమీ కాలేదుగా, అమ్మాయ్, ఎవరికీ ఏమీ కాలేదుగా!"

సిల్వా రొట్టెల సంచితో లోపలికి వచ్చింది, జుట్టులో పిండి, బుగ్గలు ఎర్రగా. "అబ్బో, విల్మా అక్క! నాన్న పంది తొడ గెలిచాడా ఏంటి, ఇద్దరూ ఏడుస్తున్నారు?"

విల్మా లేచి నిలబడింది.

"సిల్వా, ముందు పిల్లని ఆ మంచం మీంచి తీసుకో. తీసుకుని, తలగడ తిప్పి చూడు. ఆ తర్వాత నా దగ్గరికి రా. ఇక్కడే ఉంటా, ఎక్కడికీ పోను. తప్పు మీ నాన్నది కాదు, నాది. నువ్వు ఏమన్నా పడతాను, ఎవరికి చెప్పమన్నా చెబుతాను."

సిల్వా నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. తండ్రి వైపు చూసింది, ఆయన తల దించుకున్నాడు. రొట్టెల సంచి కింద పెట్టి గదిలోకి వెళ్లింది. వంటింట్లో ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు, అరుపు లేదు, ఏడుపు లేదు. చాలాసేపటికి నిద్ర గొంతు ఒకటి వినిపించింది.

"అమ్మా, అంత గట్టిగా పట్టుకోకే. నొప్పెడుతోంది."